ఇంట్లో గ్లాస్ ఫ్యూజింగ్: కిటికీ అద్దం ముక్కలతో మొదలుపెట్టండి

గాజు పని అనగానే చాలామందికి ఫిరోజాబాద్ గాజుల బట్టీలో, పొడవాటి గొట్టం పట్టుకుని ఎర్రటి గాజు ముద్దను ఊదే మనుషులో గుర్తొస్తారు. మనం ఇంట్లో చేయబోయేది అది కాదు. ఫ్యూజింగ్‌లో గాజును చల్లగా ఉన్నప్పుడే కోసి, ముక్కల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి, కిల్న్ అనే చిన్న కరెంటు బట్టీలో పెట్టి మూత వేసేస్తాం. లోపల వేడి 800 డిగ్రీలు దాటాక అవి మెత్తబడి, అతుక్కుని ఒకే పలక అవుతాయి. మంట లేదు, ఊదడం లేదు, కరిగిన గాజు మీ చేతి దగ్గరికే రాదు. అందుకే ఫ్లాట్లలో ఉండేవాళ్లు కూడా చేసుకోగలరు, కాస్త డబ్బు, కాస్త బాల్కనీ, బోలెడు ఓపిక ఉంటే చాలు.

ఆ ఓపిక ఎక్కడ కావాలో ముందే చెప్పేస్తాను. ఈ పనిలో కరిగించడం తేలిక, చల్లార్చడం కష్టం. వేడి వేడి గాజు గ్లాసులో చల్లనీళ్లు పోస్తే ఏమవుతుందో వంటింట్లో అందరం చూసిందే. కిల్న్‌లో కూడా పైభాగం ముందు చల్లారి లోపలి భాగం ఇంకా వేడిగా ఉండిపోతే గాజులో ఒత్తిడి మిగిలిపోతుంది, ఆ ఒత్తిడే తర్వాత పగులుగా బయటపడుతుంది. కొత్తవాళ్లేమో రంగులు, డిజైన్లు, మెరిసే డైక్రోయిక్ గాజు మీద మనసు పెట్టి డబ్బంతా అక్కడే ఖర్చు చేస్తారు. నా సలహా దానికి పూర్తిగా రివర్స్. ముందు చవకైన ప్లెయిన్ కిటికీ అద్దంతో కోయడం, కాల్చడం, ముఖ్యంగా చల్లార్చడం చేతికి రానివ్వండి. రంగులు ఎక్కడికీ పోవు.

ఏ గాజు, ఎందుకు

ఏ గాజైనా వేడికి సాగుతుంది, చల్లారితే కుంచించుకుపోతుంది. ఎంత అన్నది ఒక్కో గాజుకి ఒక్కో లెక్క. ఆ లెక్కను ఈ హాబీలో సీఓఈ అంటారు. అమెరికాలో పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ కంపెనీ గాజు 90, ఓషన్‌సైడ్ వాళ్ల ఫ్యూజింగ్ గాజు 96, మన కిటికీ అద్దం సుమారు 82 నుంచి 87 మధ్యలో, ల్యాబుల్లో వాడే బోరోసిలికేట్ గాజు 33 దగ్గర ఉంటాయి. రెండు రకాలు కలిపి కరిగిస్తే కిల్న్‌లో చక్కగానే అతుక్కుంటాయి, బయటికి తీసినప్పుడు కూడా బాగానే కనిపిస్తాయి, ఆ తర్వాత వారానికో నెలకో, ఎవరూ ముట్టుకోకుండానే టప్‌మని పగులుతాయి. పైగా సీఓఈ అంకె ఒకటే అయినంత మాత్రాన కుదురుతుందని కూడా చెప్పలేం, వేడికి ఎంత చిక్కగా, ఎంత పల్చగా మారుతుందన్నది కూడా కలవాలి. అందుకే ఫ్యూజింగ్ గాజు కంపెనీలు తమ గాజుల్ని ఒకదానితో ఒకటి పరీక్షించి మరీ అమ్ముతాయి, ధర కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. మన దగ్గరికి దిగుమతై రావాలంటే దానికి కస్టమ్స్, కొరియర్, దారిలో పగిలే భయం అదనం.

ఇంట్లో పాత చేతి గాజుల ముక్కలున్నాయి, సీసాలున్నాయి, కలపొచ్చా అని అందరూ అడుగుతారు. వద్దు. ఒక సీసా ముక్కల్ని అదే సీసా ముక్కలతో కలపొచ్చు, అంతవరకే. చేతి గాజుల్లో రంగు కోసం ఏమేం కలిపారో మనకు తెలియదు, మెరుపు పూతలున్నవైతే కాలినప్పుడు పొగ కూడా వస్తుంది.

కాబట్టి దగ్గర్లోని అద్దాల షాపుకి వెళ్లి 4 ఎంఎం ప్లెయిన్ క్లియర్ గ్లాస్ కావాలని, కట్ పీసులైనా పర్లేదని అడగండి. కిటికీలకి కోయగా మిగిలిన ముక్కలు వాళ్ల దగ్గర మూలన పడి ఉంటాయి, చాలా తక్కువకి ఇస్తారు. ఒక్క షరతు, ఒక ప్రాజెక్టుకి వాడే ముక్కలన్నీ ఒకే షీటులోవి అయ్యుండాలి, వేరే కంపెనీ షీటు, వేరే మందం షీటు కలిపేయకండి. టఫెన్డ్ గ్లాస్, అంటే వేడిచేసి గట్టిపరిచిన గాజు, తీసుకోవద్దు, దాన్ని కోయడం కుదరదు, గీత పెట్టి విరవబోతే మొత్తం బఠాణీ గింజలంత ముక్కలైపోతుంది. మూలన చిన్న ముద్ర ఉంటే అనుమానించండి. ముఖం చూసుకునే అద్దం కూడా వద్దు, వెనక ఉన్న పూత, పెయింటు కాలి పొగ వస్తుంది. రిఫ్లెక్టివ్ గ్లాస్, కారు ముందు అద్దం లాంటి లామినేటెడ్ గ్లాస్ అసలే వద్దు.

ఈ కిటికీ అద్దం తయారయ్యేది కరిగిన తగరం మీద తేలుతూ. 1950లలో ఇంగ్లండ్‌లో పిల్కింగ్టన్ కంపెనీ కనిపెట్టిన పద్ధతి ఇది, ఇప్పుడు మన చెన్నై పక్కన శ్రీపెరంబుదూర్‌లో సెయింట్ గోబెన్ ఫ్యాక్టరీలో కూడా ఇలాగే చేస్తారు. దీనివల్ల షీటుకి ఒకవైపు సన్నగా తగరం అంటి ఉంటుంది. మొదట్లో దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు గానీ, గిన్నెలా వంచినప్పుడు ఒకవైపు మబ్బు పట్టినట్టు వస్తే కారణం అదే కావచ్చు. షార్ట్‌వేవ్ యూవీ లైటు వేసి చూస్తే తగరం వైపు పాలలా మెరుస్తుంది.

కిల్న్

ముందు ఏది పనికిరాదో చెప్తాను. కేకులు చేసే ఓటీజీ 250 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, గ్యాస్ స్టవ్ మీద చేసేది అసలు కాదు.

చాలా తక్కువలో రుచి చూడాలంటే మైక్రోవేవ్ కిల్న్ ఉంది. తెల్లటి సిరామిక్ ఫైబర్ డబ్బా, మూత లోపల నల్లటి పూత. ఆ పూత మైక్రోవేవ్‌ను పీల్చుకుని వేడెక్కి, గాజును కరిగిస్తుంది. లాకెట్టో చెవి దుద్దులో చేసేంత చోటే ఉంటుంది. నాలుగైదు నిమిషాల్లో పని అయిపోతుంది, కానీ ఓవెన్ పవర్‌ను బట్టి టైము మారుతుంది కాబట్టి నిమిషం నిమిషంగా పెంచుతూ చూసుకోవాలి. తర్వాత మూత తీయకుండా కనీసం 40 నిమిషాలు, ఇంకాసేపైనా మంచిదే, వేడి తట్టుకునే రాయి మీద వదిలేయాలి. దీనికి వాడిన మైక్రోవేవ్‌లో మళ్లీ అన్నం కూర వేడి చేయొద్దు, పాతది ఒకటి దీనికే కేటాయించండి. ఇందులో ఒక లోపం ఉంది. చల్లార్చే వేగం మీ చేతుల్లో ఉండదు, అందుకే చిన్న ముక్కలకే పరిమితం. సరదాకి బాగుంటుంది, నేర్చుకోవడానికి అంతగా పనికిరాదు.

అసలైనది కరెంటు కిల్న్. కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. వేడి తీగలు మూతలో ఉంటే గాజు మీద వేడి సమానంగా పడుతుంది, పక్కగోడల్లో మాత్రమే ఉన్న కుండల కిల్న్‌లో అంచులు ముందు కాలతాయి. రెండోది కంట్రోలర్. ఒక్క ఉష్ణోగ్రత సెట్ చేసి వదిలేసే చవక కంట్రోలర్ వద్దు, గంటకి ఎన్ని డిగ్రీలు పెరగాలి, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, మళ్లీ గంటకి ఎన్ని డిగ్రీలు దిగాలి అని మెట్లు మెట్లుగా చెప్పుకోగలిగే ర్యాంప్-సోక్ రకం కావాలి. కిల్న్ సైజు తగ్గించుకోండి గానీ కంట్రోలర్ దగ్గర పిసినారితనం వద్దు. మూడోది కరెంటు. 2 కిలోవాట్ల కిల్న్ దాదాపు 9 యాంపియర్లు గంటల తరబడి లాగుతుంది, కాబట్టి ఏసీకి ఇచ్చినట్టు విడిగా 16 యాంపియర్ల సాకెట్, దానికి సొంత ఎంసీబీ, మంచి ఎర్తింగ్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి నడపడం లాంటి సాహసాలు చేయకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించండి. అమెరికాలో ఉన్నవాళ్లకి 120 వోల్టుల మామూలు సాకెట్‌తో నడిచే చిన్న కిల్న్‌లు దొరుకుతాయి, పెద్దవాటికి మాత్రం బట్టల డ్రయర్‌కి ఉన్నట్టు 240 వోల్టుల లైను కావాలి.

కొనకుండా కూడా మొదలుపెట్టొచ్చు. మీ ఊళ్లో సిరామిక్ స్టూడియో ఉంటే కిల్న్ అద్దెకి కాల్చిస్తారేమో అడగండి, కంట్రోలర్ మెట్లు మెట్లుగా పనిచేసేదైతే కింద చెప్పిన లెక్క అక్కడా నడుస్తుంది. నాలుగు ముక్కలు అలా చేశాక కూడా ఉత్సాహం మిగిలితే అప్పుడు కొనండి.

కిల్న్ పెట్టే చోటు సిమెంటు గచ్చు మీదో ఇనప స్టాండు మీదో ఉండాలి, చుట్టూ గోడకి కనీసం అడుగు దూరం, గాలి ఆడాలి, వాన జల్లు పడకూడదు, పైన బట్టలు ఆరేసే తీగ ఉండకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో తలుపు గడియ పెట్టగలిగే చోటు చూసుకోండి.

షెల్ఫ్‌కి పూత

కిల్న్ లోపల గాజు పెట్టే రాతి పలకను షెల్ఫ్ అంటారు. దాని మీద పూత లేకుండా గాజు పెడితే రెండూ కలిసి ఒకటే అయిపోతాయి, ఇక విడదీయలేరు. కిల్న్ వాష్ అని రెడీమేడ్ పొడి దొరుకుతుంది, అందులో ఉండేది అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే. ఒక వంతు పొడికి ఐదు వంతుల నీళ్లు కలిపి, మెత్తటి వెడల్పు బ్రష్‌తో నాలుగైదు పూతలు వేయండి, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా, ఒకటి ఏటవాలుగా. అడుగున పొడి పేరుకుంటుంది కాబట్టి మధ్యమధ్యలో కలుపుతూ ఉండాలి. పూత పూర్తిగా ఆరాలి, తడి మిగిలితే ఆవిరై గాజు కింద బుడగలు చేస్తుంది. ఒకసారి 800 దాటి కాల్చాక ఆ పూత పని అయిపోయినట్టే, రెండోసారి గాజుకి అంటుకుంటుంది. గీకేసి మళ్లీ వేయండి. గీకేటప్పుడు ఎన్95 మాస్క్ తప్పనిసరి, ఆ పొడి, గాజు పొడి రెండూ ఊపిరితిత్తులకి మంచివి కావు. పూత గొడవ వద్దనుకుంటే పల్చటి ఫైబర్ పేపర్ వాడొచ్చు, అది కాలి పొడైపోతుంది, ఆ పొడి తీసేటప్పుడు కూడా మాస్క్ ఉండాలి.

కోయడం

మొదటి ప్రాజెక్టుగా టీ కప్పు కింద పెట్టే కోస్టర్ చేయండి, 10 సెంటీమీటర్ల చదరపు ముక్కలు రెండు. నిజం చెప్పాలంటే అద్దాల షాపువాడే ఈ కొలతకి నిమిషంలో కోసిచ్చేస్తాడు, కావాలంటే మొదటి విడత అలాగే కోయించుకోండి, తప్పేం లేదు. కానీ అక్కడ నిలబడి అతని చెయ్యి ఎలా కదులుతుందో చూడండి. సగం విద్య అక్కడే దొరుకుతుంది.

మీరే కోయాలంటే కార్బైడ్ చక్రం ఉన్న, లోపల నూనె పోసుకునే గ్లాస్ కట్టర్ కొనండి. నూనెగా కుట్టు మిషన్ ఆయిల్ సరిపోతుంది. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద న్యూస్‌పేపర్ వేసి, గాజు పెట్టి, జారని స్కేలు ఆనించండి. కళ్లకి రక్షణగా సేఫ్టీ కళ్లద్దాలు పెట్టుకోండి, కాళ్లకి చెప్పులుండాలి, ఒట్టికాళ్లతో మాత్రం వద్దు. కట్టర్‌ను గాజుకి నిటారుగా పట్టుకుని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒకే వేగంతో, ఒకే ఒత్తిడితో ఒక్కసారి లాగండి. సన్నగా, ఒకే తీరుగా గీరుతున్న చప్పుడు రావాలి. గీత వెంట తెల్లటి పొడి లేస్తోందంటే మరీ గట్టిగా నొక్కుతున్నారు, చప్పుడే లేదంటే నొక్కడం లేదు. గీత సరిగా పడలేదని అదే గీత మీద రెండోసారి లాగొద్దు, చక్రమూ పాడవుతుంది, గాజూ అడ్డదిడ్డంగా విరుగుతుంది. మనం నిజానికి గాజును కోయడం లేదు, పైన సన్నటి పగులు మొదలుపెట్టి, అది మనం చెప్పిన దారిలో పాకేలా చేస్తున్నాం.

గీత పెట్టిన వెంటనే విరవండి. గీతకి అటూ ఇటూ బొటనవేళ్లు పైన, పిడికిళ్లు కింద పెట్టి, బయటివైపుకి వంచితే టక్కున విడిపోతుంది. భయంగా ఉంటే గీత కింద అగ్గిపుల్ల పెట్టి రెండువైపులా నొక్కండి. సన్నటి పట్టీలకి రన్నింగ్ ప్లయర్, అంటే గీత వెంట గాజును విరిచే పట్టకారు, కావాలి. గుండ్రటి ఆకారాలు, లోపలికి వంపులు మొదటి నెలలో ముట్టుకోకండి.

అంచులు చేతికి గీసుకునేలా ఉంటే కార్బొరండం రాయిని నీళ్లలో తడిపి మెల్లగా రుద్దండి, పొడిగా రుద్దకండి.

కడగడం, పేర్చడం

ఇది చిన్న పనే గానీ, ఎంతో మంది ఇక్కడే తేలిగ్గా తీసుకుంటారు. వేలిముద్రలు, కట్టర్ నూనె, నీళ్లలోని ఉప్పు మరకలు కాలాక అక్కడే శాశ్వతంగా ఉండిపోతాయి, పైగా గాజు ఉపరితలం తెల్లటి పొరలా గరుకుగా మారడానికి కూడా మురికే దారి చూపిస్తుంది. ఆ గరుకుదనాన్ని డీవిట్రిఫికేషన్ అంటారు, కిటికీ అద్దానికి ఈ జబ్బు కాస్త ఎక్కువ. సబ్బుతో కడిగి, ఆర్వో నీళ్లతో ఇంకోసారి కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, పీచు రాలని బట్టతో ఆరబెట్టండి. తర్వాత అంచులు పట్టుకునే ఎత్తండి.

రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి షెల్ఫ్ మధ్యలో పెట్టండి. రెండే ఎందుకంటే, కరిగిన గాజు ఎప్పుడూ 6 మిల్లీమీటర్ల మందంలో ఉండాలని చూస్తుంది. 3 ఎంఎం ముక్క ఒక్కటే కరిగిస్తే లోపలికి ముడుచుకుని అంచుల్లో ముళ్లు వస్తాయి, రెండు 4 ఎంఎం ముక్కలు పెడితే 8 అవుతుంది కాబట్టి కాస్త పక్కలకి పారి అంచులు గుండ్రంగా వస్తాయి. అందుకే షెల్ఫ్ అంచు దాకా పెట్టకుండా చుట్టూ రెండు మూడు వేళ్ల చోటు వదలండి.

కాల్చడం, చల్లార్చడం

ఈ కోస్టర్‌కి, అంటే 4 ఎంఎం కిటికీ అద్దం రెండు పొరలకి, నేను చెప్పే లెక్క ఇది. అన్నీ సెల్సియస్‌లోనే.

గంటకి 150 డిగ్రీల చొప్పున 600 దాకా పెంచండి. తొందరపడకండి, గాజు గట్టిగా ఉండే ఈ దశలోనే వేడి దెబ్బకి పగులుతుంది.

అక్కడి నుంచి గంటకి 100 చొప్పున 680కి వెళ్లి 30 నిమిషాలు ఆపండి. పై ముక్క నెమ్మదిగా కింది ముక్క మీద వాలి, మధ్యలో ఇరుక్కున్న గాలి అంచుల నుంచి బయటికి పోవడానికి ఈ ఆగడం. ఇది తప్పిస్తే మధ్యలో పెద్ద బుడగ ఖాయం.

తర్వాత గంటకి 250 చొప్పున 825కి, అక్కడ 10 నిమిషాలు. 700 నుంచి 760 మధ్యలో అనవసరంగా తచ్చాడితే పైన చెప్పిన డీవిట్రిఫికేషన్ వస్తుంది, అందుకే ఈ మెట్టు చురుగ్గా దాటాలి.

ఆ తర్వాత కంట్రోలర్‌ను 550కి దిగమనండి, ఎంత వేగంగా దిగితే అంత, కానీ మూత తీయకుండా. 550 దగ్గర 60 నిమిషాలు ఆగాలి. ఇదే అనీలింగ్. గాజు అంతా, పైనా కిందా మధ్యలో, ఒకే వేడికి వచ్చి లోపలి ఒత్తిడి వదిలించుకునేది ఇక్కడే.

చివరికి గంటకి 60 చొప్పున 420 దాకా, గంటకి 110 చొప్పున 300 దాకా దింపి, ఆఫ్ చేసి వదిలేయండి.

పొద్దున 7కి మొదలుపెడితే సాయంత్రం 6 ప్రాంతంలో 300కి వస్తుంది. మూత మాత్రం మర్నాడు పొద్దున్నే తీయండి. ఎంత ఉబలాటంగా ఉన్నా, చెయ్యి పెట్టగలిగేంత చల్లారిందని తెలిసినా, ఇంకో గంట ఆగితే నష్టం లేదు. మధ్యలో కిల్న్‌కి ఉన్న రంధ్రంలోంచి తొంగి చూడాలంటే మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు, ఇన్‌ఫ్రారెడ్ ఆపే షేడ్ 3 వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుని క్షణం చూసి తప్పుకోండి.

రెండు కిల్న్‌లు ఎప్పుడూ ఒకేలా వేడి చూపించవు, ఎందుకంటే లోపల వేడిని కొలిచే థర్మోకపుల్ పెట్టిన చోటు వేరు. కాబట్టి 825 అన్నది మొదటి అంచనా మాత్రమే. అంచులు ఇంకా పదునుగా, రెండు పొరలు విడివిడిగా కనిపిస్తుంటే పైసారి 10 డిగ్రీలు పెంచండి, గాజు మరీ పారిపోయి ఆకారం పోతే 10 తగ్గించండి. ఒక నోట్‌బుక్ పెట్టి ప్రతి కాల్పుకీ గాజు, మందం, మెట్లు, వచ్చిన ఫలితం రాసుకోండి. బయట దొరికే ఏ చార్టు కన్నా మీ కిల్న్ గురించి ఆ నోట్‌బుక్కే ఎక్కువ చెప్తుంది. బుల్స్‌ఐ గాజుకి ఎప్పుడైనా మారితే మాత్రం ఈ లెక్క వాడొద్దు, అది 805, 810 దగ్గరే పూర్తిగా కరిగిపోతుంది, అనీలింగ్ కూడా 482 దగ్గర.

కరెంటు పోతే? ఎండాకాలంలో ఇది అందరికీ వచ్చే గొడవే, ఇన్వర్టర్ కిల్న్‌ను మోయలేదు. మొదటి సూత్రం, మూత తీయకండి. వేడెక్కే దశలో పోతే పెద్ద నష్టం లేదు, పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ మొదటి నుంచి కాల్చుకోండి. చల్లారే దశలో పోతే ముక్క పగలకుండా బయటపడొచ్చు గానీ అనీల్ అయిందని నమ్మొద్దు, దాన్ని మళ్లీ గంటకి 100 చొప్పున 550కి తీసుకెళ్లి, గంట ఆపి, పైన చెప్పినట్టే దింపండి. కరెంటు తిరిగి రాగానే మీ కంట్రోలర్ ఆగిన చోటి నుంచి మొదలవుతుందా, మొదటి మెట్టు నుంచి మొదలవుతుందా అన్నది మాన్యువల్‌లో ముందే చదివి పెట్టుకోండి. ఇక బిల్లు సంగతి. 2 కిలోవాట్ల కిల్న్ ఆగకుండా గంట నడిస్తే 2 యూనిట్లు, కానీ తీగలు రోజంతా వెలగవు, చల్లారే దశలో అప్పుడప్పుడే ఆన్ అవుతాయి. ఏసీ బిల్లు మోతెక్కే మే నెలలో తగ్గించుకుని, చలికాలంలో ఎక్కువ కాల్చుకోవడం తెలివైన పని.

పగిలితే ముక్కను చదవండి

పగిలిన ముక్క పారేయకండి, ఎప్పుడు పగిలిందో అదే చెప్తుంది. పగులు అంచు నునుపుగా, గుండ్రంగా ఉంటే వేడెక్కేటప్పుడు పగిలి, తర్వాత కరిగిందన్నమాట, మొదటి మెట్టు నెమ్మది చేయండి. అంచు కత్తిలా ఉంటే చల్లారేటప్పుడు పగిలింది. పగులు పలక అంతటా వంకరగా, ఒక మెలికలా వెళ్తే అనీలింగ్ చాలలేదు, 550 దగ్గర ఇంకాసేపు ఆపండి. పగులు సరిగ్గా రెండు గాజులు కలిసిన గీత వెంటే పోతే ఆ గాజులు ఒకదానికొకటి పడలేదు, ఎంత నెమ్మదిగా చల్లార్చినా లాభం లేదు.

పగలకముందే ఒత్తిడి చూసే చిట్కా ఒకటుంది, ఖర్చు కూడా లేదు. కంప్యూటర్ ఎల్‌సీడీ మానిటర్ మీద తెల్లటి పేజీ తెరవండి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు తీసుకుని తెర నల్లగా కనిపించేదాకా తిప్పండి. ఇప్పుడు తెరకీ కళ్లద్దాలకీ మధ్య మీ గాజు ముక్క పెట్టండి. ముక్క అంతా నల్లగానే ఉంటే ఒత్తిడి లేదు. ఎక్కడైనా తెల్లగా వెలుగు కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఉంది. కొత్త గాజు ఏది కొన్నా, షాపులో దొరికే బ్రాంజ్, గ్రీన్, గ్రే టింటెడ్ గాజులైనా సరే, చిన్న ముక్కను ప్లెయిన్ గాజు పట్టీ మీద కరిగించి ఇలా చూసి, ఆ తర్వాతే పెద్ద పనికి వాడండి.

ప్లెయిన్ గాజుతోనే రంగులు

రెండు పొరల మధ్య పల్చటి రాగి రేకును కత్తెరతో ఆకారంలా కోసి పెట్టి కాల్చండి. గాలి తగలని చోట ముదురు ఎరుపుగా, గాలి తగిలిన చోట నీలం, ఆకుపచ్చల వైపు మారుతుంది, ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. రేకు మందంగా ఉంటే గాజు పగులుతుంది, చేత్తో నలపగలిగేంత పల్చనిదే వాడండి. పుస్తకంలో పెట్టి బాగా ఎండబెట్టిన పల్చటి ఆకును పెడితే అది కాలిపోయి, ఈనెలతో సహా బూడిద ముద్ర గాజులో మిగిలిపోతుంది. రావి ఆకు ఈనెల వల ఒకసారి ప్రయత్నించి చూడండి. చుట్టూ బుడగలు వస్తాయి, వాటిని పూర్తిగా ఆపలేం, నాకైతే ఆ బుడగలే బాగుంటాయి. గాజు మీద వేసే ఎనామెల్ పొడులు కూడా ఉన్నాయి, ఎన్ని డిగ్రీల దాకా తట్టుకుంటాయో డబ్బా మీద చూసి కొనండి, వాటితో చేసినవి తిండి పెట్టే ప్లేట్లుగా వాడకండి.

కోస్టర్ నుంచి గిన్నె

కాల్చిన పలకను రెండోసారి తక్కువ వేడిలో అచ్చు మీద వాల్చి గిన్నెలా చేయడాన్ని స్లంపింగ్ అంటారు. దిగుమతి అచ్చులు ఖరీదు, మన దగ్గర అంతకన్నా మంచిది ఉంది: మెరుగు లేని మట్టి మూకుడు. పగుళ్లు లేనిది ఎంచుకుని, గాలి బయటికి పోవడానికి అడుగున రెండు మూడు చిన్న చిల్లులు డ్రిల్ చేయండి, కిల్న్‌లో నెమ్మదిగా 250 దాకా ఒకసారి వేడి చేసి లోపలి తడి అంతా పోగొట్టండి. తర్వాత లోపలి వైపు కిల్న్ వాష్ నాలుగు పూతలు వేసి ఆరబెట్టండి. గాజు పలక మూకుడు అంచు కన్నా కొంచెం చిన్నదై ఉండాలి, బయటికి వేలాడితే అంచులు మూకుడుని పట్టేసుకుంటాయి. చదరపు కోస్టరే పెట్టినా నాలుగు మూలలూ లేచి బాగుంటుంది. గంటకి 100 చొప్పున 690కి తీసుకెళ్లి 10 నిమిషాలు ఆపి, మధ్యలో తొంగి చూడండి, గాజు అడుగుకి ఆనగానే దించేయొచ్చు. 550 దగ్గర గంట అనీలింగ్, ఆ తర్వాత దింపడం, అంతా పాత లెక్కే. ఈ వేడికి మూకుడు మీది పూత అంతగా పాడవదు, కాబట్టి ప్రతిసారీ గీకక్కర్లేదు, పల్చబడిన చోట మాత్రం ఇంకో పూత వేసి, కొత్త పగుళ్లేమైనా వచ్చాయేమో వెలుతురులో తిప్పి చూసుకుని మళ్లీ వాడుకోండి.